పాత కారు మొరాయించినప్పుడు



మొన్నటిదాకా ఆవకాయ జాడీలూ, పట్టుచీరెల భద్రతా అంటూ చెప్పిన మనిషి ఇవాళ కార్బురేటర్ అంటోందేమిటా అని మీరు నవ్వుకుంటున్నారేమో. నవ్వుకోండి, ఫరవాలేదు. కాని ఒక్క మాట. కుక్కరు మూత దగ్గర ఆవిరి పోతూంటే గాస్కెట్టు పోయిందని ముందు కనిపెట్టేది ఎవరు? మోటారు తిరుగుతున్నా ట్యాంకులోకి నీళ్ళెక్కడం లేదని చెప్పేది ఎవరు? మనమే కదా! మరి పోర్టికోలో నిలబెట్టిన కారు దగ్గరికి వచ్చేసరికి "అది మగవాళ్ళ వ్యవహారం" అని ఎందుకు వదిలెయ్యాలి? అలా వదిలేసిన పాపానికి ఒక రాత్రి నా పరిస్థితి ఏమైందో చెబుతాను, వినండి.

మా ఇంట్లో ఒక ప్రీమియర్ పద్మిని కారు ఉంది. మా మామగారు 1985లో కొన్నారు. ఆ రోజుల్లో డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూస్తేగాని కారు చేతికి వచ్చేది కాదట. 1964లో ఫియట్ 1100 డిలైట్ అనే పేరుతో వచ్చిన కారే అది. బొంబాయి కుర్లాలో తయారయ్యేది. తరువాత 1970లలో దానికి చిత్తోడు రాణి పద్మిని పేరు పెట్టారు. 2001 నాటికి తయారీ ఆగిపోయింది. ముంబాయి వీధుల్లో నలుపూ పసుపూ రంగుల్లో తిరిగిన ఆ టాక్సీలకు కూడా 2023 అక్టోబరుతో కాలం తీరింది. అయినా మావంటి ఇళ్ళల్లో ఇంకా కొన్ని ఉన్నాయి. మామగారు పోయి పదేళ్ళయింది. కారు అమ్మేద్దామని ఎవరైనా అంటే మా అత్తగారు మాట్లాడకుండా లేచి లోపలికి వెళ్ళిపోతారు. అందుకని కారు ఉండిపోయింది.

మూడేళ్ళ కిందట వానాకాలంలో ఒక రాత్రి అత్తగారికి ఆయాసం ఎక్కువైంది. మావారు ఉద్యోగరీత్యా విశాఖపట్నంలో ఉంటారు. నాకు కారు నడపడం వచ్చు. ఆవిడని వెనక సీట్లో కూర్చోబెట్టి తాళం తిప్పాను. ఇంజను తిరుగుతోంది గాని అందుకోవడం లేదు. చోక్ లాగాను. యాక్సిలరేటరు పదిసార్లు తొక్కాను. గుప్పుమని పెట్రోలు వాసన! పక్కింటి కుర్రాడు పాపం సాయం చెయ్యాలని సీసాలో పెట్రోలు పట్టుకొచ్చి, "కార్బురేటర్ నోట్లో కాస్త పోస్తాను, మీరు తాళం తిప్పండి ఆంటీ" అన్నాడు. నేను సరేననబోతూంటే వెనక నుంచి అత్తగారు ఆయాసపడుతూనే, "వద్దమ్మాయ్, ఆటో పిలు" అన్నారు. ఆటోలో ఆసుపత్రికి చేరాం. దేవుడి దయవల్ల గండం గడిచింది. కాని ఆ రాత్రి నేను చేసిన పనులన్నీ తప్పులేనని తరువాత తెలిసింది.

మర్నాడు కారుని తోయించుకుని ఒక షెడ్డుకి తీసుకువెళ్ళాను. "సార్ రాలేదా అమ్మా?" అన్నది అక్కడ వినబడ్డ మొదటి మాట. రెండో మాట, "కార్బురేటరే పోయింది, కొత్తది వెయ్యాలి, ఆరువేలవుతుంది" అని. మూతయినా విప్పి చూడలేదు. నాకు ఎదురు మాట్లాడేందుకు ఏమీ తెలియదు. తిరిగి తోయించుకుని ఇంటికి తెచ్చేశాను. మా వీధి చివర పని మానేసి ఇంటిపట్టున ఉంటున్న ఒక పెద్ద మేస్త్రీగారున్నారు. ఆయన వచ్చి బానెట్టు ఎత్తి, "అమ్మా, ఇదేం బ్రహ్మవిద్య కాదు. ఒక గిన్నె, ఒక బుడ్డి, నాలుగు సన్న బెజ్జాలు. కూర్చో, చూపిస్తాను" అన్నారు. ఆ ఆదివారం నేను నేర్చుకున్నదే ఇవాళ మీకు చెబుతున్నాను.

ముందు కార్బురేటర్ చేసే పనేమిటో చూద్దాం. పెట్రోలు ద్రవంగా ఉంటే ఇంజనులో సరిగా మండదు. సన్నటి తుంపరగా మారి గాలితో కలవాలి. తూకంలో సుమారు 15 పాళ్ళ గాలికి ఒక పాలు పెట్రోలు. ఉప్మాకి నీళ్ళ కొలత లాంటిదే. ఎక్కువైతే జావ, తక్కువైతే పలుకు. ఈ కొలత చూసే వంటమనిషే కార్బురేటర్.

మన చిన్నప్పుడు దోమలమందు కొట్టే ఫ్లిట్ పంపు గుర్తుందా? ముందుకు తోస్తే గాలి జోరుగా వచ్చి, కింద డబ్బాలోని మందుని పైకి లాగి తుంపరగా చిమ్మేది. కార్బురేటర్‌లో జరిగేదీ అదే. దాని గొంతు మధ్యలో ఇరుకుగా ఉంటుంది. ఇంజను పీల్చే గాలి ఆ ఇరుకులో జోరందుకుంటుంది. జోరు పెరిగిన చోట ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు పక్కనున్న గిన్నెలోంచి పెట్రోలు జెట్టు అనే సన్న బెజ్జం గుండా పైకి వచ్చి గాలిలో కలుస్తుంది.

ఆ గిన్నెలో పెట్రోలు ఎప్పుడూ ఒకే మట్టాన ఉండాలి. దానికి ఏర్పాటు మన డాబా మీది నీళ్ళ ట్యాంకులో ఉన్నటువంటిదే. ట్యాంకు నిండగానే బంతి పైకి తేలి వాల్వు మూసేస్తుంది కదా? అలాగే ఇక్కడ ఒక చిన్న ఫ్లోటు తేలి, సూదిలాంటి వాల్వుని మూస్తుంది. బంతి పాడైతే డాబా మీద నీళ్ళు పొర్లుతాయి. ఫ్లోటు పాడైతే ఇంజను మీద పెట్రోలు పొర్లుతుంది. తేడా ఎంతటిదో చూడండి!

ఇక జబ్బు కనిపెట్టడం. మేస్త్రీగారు నేర్పిన మొదటి పాఠం, కార్బురేటర్‌ని ఆఖరున అనుమానించమని. ముందు ట్యాంకులో పెట్రోలు ఉందా చూడండి. పాత కార్లలో ముల్లు అబద్ధం చెబుతుంది. తరువాత బ్యాటరీ, ప్లగ్గులు, పాయింట్లు. నిప్పురవ్వ సరిగా పడనప్పుడు కూడా ఇంజను అచ్చం కార్బురేటర్ జబ్బులాగే దగ్గుతుంది. ఇవన్నీ బాగున్నాయని తేలాకనే కార్బురేటర్ దగ్గరికి రావాలి. అప్పుడు గుర్తులు ఇలా ఉంటాయి.

సైలెన్సరులోంచి నల్లటి పొగ వస్తోంది, పెట్రోలు ఊరికే అయిపోతోంది, ప్లగ్గు విప్పి చూస్తే పొడి మసి పట్టి ఉంది. అంటే పెట్రోలు పాలు ఎక్కువైంది. లాగిన చోక్ తిరిగి లోపలికి నొక్కడం మరిచిపోయామా? గాలి వడగట్టే ఫిల్టరు దుమ్ముతో పూడిపోయిందా? ఈ రెండూ మనమే చూసుకోవచ్చు. రెండూ కాకపోతే గిన్నెలో మట్టం పెరిగిందన్నమాట.

బండి లాగడం లేదు, కార్బురేటర్‌లోంచి టప్ టప్‌మని ఎదురు తుమ్ములు, ప్లగ్గు తెల్లగా పాలిపోయి ఉంది. ఇది పెట్రోలు పాలు తక్కువైన గుర్తు. జెట్టులో నలుసు అడ్డుపడి ఉండవచ్చు. లేదా కార్బురేటర్ కింది గాస్కెట్టు చీలి, నట్లు వదులై, దొంగదారిన గాలి లోపలికి పోతూ ఉండవచ్చు.

యాక్సిలరేటరు తొక్కి ఉంచితే నడుస్తుంది, కాలు తియ్యగానే ఆగిపోతుంది. ఇంజను నిలకడగా తిరగడానికి వేరే చిన్న జెట్టు ఒకటి ఉంటుంది. అది పూడిపోయింది. అన్నిటికన్నా సన్నని బెజ్జం అదే కాబట్టి ముందు పూడేదీ అదే.

గబుక్కున తొక్కినప్పుడు ఒక్క క్షణం తడబడి, తరువాత అందుకుంటుంది. తొక్కగానే అదనంగా ఒక చుక్క పెట్రోలు చిమ్మే చిన్న పంపు ఉంటుంది. దాని రబ్బరు పొర చిరిగి ఉండవచ్చు.

నాలుగు మైళ్ళు బాగా నడిచి ఆగిపోతుంది, కాసేపాగితే మళ్ళీ నడుస్తుంది. అప్పుడు పెట్రోలు ట్యాంకు మూత తిప్పి చూడండి. సుయ్‌మని గాలి లోపలికి పోయి బండి మళ్ళీ బాగా నడిచిందంటే, మూతలోని గాలి బెజ్జం పూడిందన్నమాట. అందులో కార్బురేటర్ తప్పేమీ లేదు. మన విజయవాడ ఎండల్లో మరో కారణం కూడా ఉంది. వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోయి పంపుకి అందదు. పద్మిని నడిపే పాతకాలపు డ్రైవర్లు పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసేది అందుకే. నీడలో ఆపి, బానెట్టు ఎత్తి, ఒక గుడ్డ తడిపి పిండి పంపు మీద వెయ్యండి. పావుగంటలో చల్లబడుతుంది. తడి మాత్రం కరెంటు వైర్ల మీదికి పోకూడదు.

కార్బురేటర్ చుట్టూ పెట్రోలు కారుతోంది. ఈ గుర్తు కనబడితే ఇక తాళం ముట్టుకోవద్దు. ఆ రాత్రి మా కారుకున్నది ఇదే. చీకట్లో నేను చూడలేదు. పెట్రోలు ఎక్కువై ఇంజను తడిసి ముద్దయి ఉంటే, నేను చోక్ లాగి, పెడలు తొక్కి తొక్కి ఇంకా పోశాను. పక్కింటి కుర్రాడు ఇంకాస్త పోస్తానన్నాడు! పోసి ఉంటే, తాళం తిప్పినప్పుడు ఎదురు తుమ్ము ఒక్కటి వస్తే చాలు. నోట్లోంచి మంట లేచేది. వెనక సీట్లో ఊపిరాడని మనిషి ఉంది. ఇప్పటికీ తలుచుకుంటే నాకు చేతులు చల్లబడతాయి.

బయట కారడం లేదు గాని పదేపదే తొక్కడంవల్ల ఇంజను తడిసిందనుకుంటే పద్ధతి వేరు. చోక్ పూర్తిగా లోపలికి నొక్కండి. అయిదు పది నిమిషాలు ఆగండి. తరువాత యాక్సిలరేటరు అడుగంటా ఒక్కసారే తొక్కి, అలాగే పట్టుకుని తాళం తిప్పండి. మధ్యలో కాలు ఎత్తి తొక్కకూడదు. గాలి బాగా పోయి లోపలి తడి ఆరుతుంది. ఇంజను అందుకోగానే కాలు వదలండి.

సరే, మా కారు కథకి వద్దాం. మేస్త్రీగారు బ్యాటరీ వైరు తీసేసి, పెట్రోలు గొట్టం విప్పి మూతి బిగించి, కార్బురేటర్ మూత తెరిచారు. సూదివాల్వు శుభ్రంగానే ఉంది. ఫ్లోటు తీసి నా చెవి దగ్గర ఊపారు. లోపల బుడక్ బుడక్‌మంది. మాది ఇత్తడి ఫ్లోటు. బోలుగా ఉండవలసిన దాంట్లో పెట్రోలు చేరితే ఇక తేలుతుందా? మునిగింది. మునిగితే వాల్వు మూతపడదు. "బెజ్జం ఎక్కడుందో కనిపెట్టాలంటే ఏం చెయ్యాలో నువ్వే చెప్పు" అన్నారాయన. నాకు సైకిలు ట్యూబు నీళ్ళలో ముంచడం గుర్తొచ్చింది. "వేణ్ణీళ్ళు తీసుకురా" అన్నారు. స్టవ్వు ఆర్పేసి, నీళ్ళ గిన్నె పెరట్లోకి, ఆరుబయటికి పట్టుకెళ్ళాను. ఫ్లోటు ముంచగానే వేడికి లోపలి గాలి వ్యాకోచించి, అంచు అతుకు దగ్గర సన్నటి బుడగల వరస లేచింది. ఆరువేల రూపాయల రోగం ఆ బుడగలే!

ఆయన లోపలి పెట్రోలంతా తీసి, బాగా ఆరబెట్టి, మరునాడు ఒక్క చుక్క సీసంతో అతికారు. సీసం ఎక్కువ పడితే ఫ్లోటు బరువెక్కి మట్టం మారిపోతుందట. ఆ అతుకుపని మాత్రం ఇంట్లో చెయ్యకండి. పెట్రోలు ఆవిరి లోపల మిగిలితే పేలుతుంది. కొత్త ఫ్లోటు దొరికితే అది వెయ్యడమే మంచిది. కొత్త గాస్కెట్టుతో సహా మాకైన ఖర్చు మూడువందలు దాటలేదు.

పనిలో పనిగా కార్బురేటర్ శుభ్రం కూడా చేశాం. ఇక్కడ మన వంటింటి తెలివి ఒకచోట పనికొస్తుంది, ఒకచోట కొంప ముంచుతుంది. పనికొచ్చేది చెబుతాను. విప్పిన స్క్రూలూ జెట్లూ కలిసిపోకుండా పాత ఇడ్లీ రేకు ఒకటి తెచ్చి పెట్టాను. గుంటకి ఒకటి చొప్పున, విప్పిన వరసలో. అడుగడుగుకీ ఫోనుతో ఫొటో తీశాను. మేస్త్రీగారు మెచ్చుకున్నారు. ఆ రేకుని మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదనుకోండి.

కొంప ముంచేది పిన్ను. పంపు స్టవ్వు పూడితే పిన్నుతో పొడిచే అలవాటు మనది. జెట్టుని అలా పొడవకూడదు. అది మెత్తటి ఇత్తడి. మా కారుకున్న సోలెక్స్ కార్బురేటర్‌లో జెట్టు మీద ఒక అంకె ఉంటుంది. 125 అని ఉంటే బెజ్జం 1.25 మిల్లీమీటర్లన్నమాట. మిల్లీమీటరులో వందో వంతుతో లెక్క! పిన్ను గీతతో ఆ లెక్క చెడితే ఇక ఎంత తిప్పినా కొలత కుదరదు. కార్బురేటర్ శుభ్రం చేసే ద్రవం చల్లి, పంపు గాలితో ఊదించాలి. నోటితో ఊదవద్దు, పీల్చవద్దు. రబ్బరు పొరల్ని ఆ ద్రవంలో ముంచవద్దు, ఉబ్బిపోతాయి.

బిగించాక చివరి పని ఇంజను నిలకడ సరిచెయ్యడం. ఇంజను బాగా వేడెక్కాలి. చోక్ లోపల ఉండాలి. రెండు స్క్రూలుంటాయి. ఒకటి వేగానికి, ఒకటి కొలతకి. కొలత స్క్రూని మెల్లిగా ఆనేవరకూ తిప్పి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి మొదలుపెట్టాలి. గట్టిగా బిగిస్తే మొన పాడవుతుంది. అక్కణ్ణుంచి కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పుతూ ఇంజను ఏ చోట హాయిగా తిరుగుతోందో చెవితో పట్టుకోవాలి. వేగం పెరిగితే మొదటి స్క్రూతో తగ్గించాలి. వీణ శ్రుతి చేసే చెవి ఉన్నవాళ్ళకి ఇది కష్టం కాదు. ఈ పని ఆరుబయటే చెయ్యండి. తలుపులు మూసిన గారేజీలో ఇంజను నడిపితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. ప్రాణం తీస్తుంది.

ఇప్పటి పెట్రోలు గురించి ఒక మాట. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు మన దేశంలో 2023 ఫిబ్రవరిలో అమ్మకానికి వచ్చింది. 2025 నాటికి చాలా బంకుల్లో అదే మామూలు పెట్రోలయింది. మన పాతకార్ల రబ్బరు గొట్టాలూ, పొరలూ దానికోసం చేసినవి కావు. మెత్తబడతాయి, చీలతాయి. ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. కారు నెలల తరబడి కదలకపోతే నీరు అడుగుకి చేరి లోపలి లోహం తెల్లగా పొక్కిపోతుంది. పాత ట్యాంకులో ఏళ్ళనాటి జిగురుని కూడా కడిగి తెచ్చి ఫిల్టరులో పోస్తుంది. అందుకని ఇథనాల్‌కి తట్టుకునే కొత్త గొట్టాలు వేయించండి. ఫిల్టరు మార్పించండి. వారానికొకసారి కారుని అరగంట నడపండి. గొట్టాలు పగుళ్ళిచ్చాయేమో నెలకొకసారి చేత్తో తడిమి చూడండి.

మరొక్కసారి జాగ్రత్తలు చెబుతాను. బానెట్టు ఎత్తినప్పుడు దగ్గర్లో దీపం, అగరువత్తి, సిగరెట్టు ఏదీ ఉండకూడదు. ముందు బ్యాటరీ వైరు తియ్యాలి. నైలాను, సిల్కు చీరె కొంగు వేలాడకూడదు. నూలుబట్ట కట్టుకుని, కొంగు దోపుకోండి. ఫ్యాను బెల్టు దగ్గర మరీ జాగ్రత్త. పక్కనే బక్కెట్టు ఇసుక, వీలైతే మంటలార్పే సిలిండరు ఉంచుకోండి. పెట్రోలు మంట మీద నీళ్ళు పోస్తే పెట్రోలు నీళ్ళమీద తేలి మంట ఇంకా పాకుతుంది.

ఇదంతా విని ప్రతివాళ్ళూ పానాలు పట్టుకోవాలని నేననడం లేదు. గుర్తులు తెలిస్తే చాలు. "కారు పాడైంది" అని చెప్పడానికీ, "వేడిమీద ఆగిపోతోంది, ట్యాంకు మూత తీసినా మార్పు లేదు, ప్లగ్గు తెల్లగా ఉంది" అని చెప్పడానికీ ఎంత తేడా! డాక్టరు దగ్గర పిల్లవాడి జ్వరం గురించి మనం ఎలా చెబుతామో అలాగే చెప్పాలి. ఆ తరువాత నేను అదే షెడ్డుకి బ్రేకుల పనిమీద వెళ్ళి, ఏ చక్రం దగ్గర ఏ చప్పుడో వివరంగా చెప్పాను. సార్ రాలేదా అని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున్నే నేను కారు తీస్తాను. అత్తగారు వరండాలో కుర్చీ వేసుకుని వింటారు. "ఇవాళ కాస్త తడబడుతోందే" అంటే నేను దిగి చూస్తాను. ఆవిడ చెవి నా చెవికన్నా మంచిది. అయితే రాత్రివేళ అవసరం వస్తే పాత కారుని నమ్ముకోవద్దని ఇద్దరం అనుకున్నాం. 108 నంబరు పెద్ద అక్షరాలతో రాసి ఫోను పక్కన గోడకి అంటించాం. మీరూ ఆ పని ఇవాళే చెయ్యండి.